రెండు కోట్లు పడతాయి సార్!

టెన్త్ పరీక్షలు రాసిన వేసవిలో మా నాయన నన్ను పనికి వెంటబెట్టుకుపోయాడు. ఆయన పెయింటరు. నెల్లూరు దర్గామిట్టలో ఒక కొత్త ఇల్లు. లప్పం కలపడం, గరుకు కాగితంతో గోడ రుద్దడం, నిచ్చెన పట్టుకోవడం నా పని. ఇంటాయన వచ్చి "ఏమయ్యా, గోడ ఎట్టా ఉంది?" అని అడిగితే నాయన అరచేత్తో గోడను తడిమి చూసి, "రెండు కోట్లు పడతాయి సార్" అన్నాడు. వరండాలో చింతపండు గింజలు తీస్తున్న ఇంటాయన తల్లి చేతిలో పని ఆపేసింది. "రెండు కోట్లా! ఇల్లు కట్టేదానికే రెండు లక్షలు కాలేదే, రంగుకు రెండు కోట్లా?"

ఆమె తప్పేం లేదు. తెలుగులో కోటికీ కోటుకీ బహువచనం ఒకటే.

నాయన నాలుగో తరగతి దాకే చదివాడు. కోటు స్పెల్లింగ్ ఏమిటో ఆయనకు తెలియదు. కానీ "మొదటి కోటు గోడ తాగేస్తుంది, రెండోది గోడని కప్పుతుంది" అనేవాడు. తర్వాత నేను ఇంగ్లీషు ఎంఏ చేశాను, నిఘంటువులు కొన్నాను. ఆ మాటను అంత బాగా చెప్పినవాళ్ళు నాకు మళ్ళీ తగల్లేదు.

ఇప్పుడు మా మేడ మీద గదిలో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. విదేశాలకు వెళ్ళే నర్సులు, పాలిటెక్నిక్ పిల్లలు, పిల్లల్ని స్కూలుకు పంపి వచ్చే గృహిణులు నా విద్యార్థులు. ప్రతి బ్యాచ్‌లో ఒక రోజంతా కోటు అనే ఒక్క మాటకే కేటాయిస్తాను. ఎందుకంటే అది తెలియదనేవాళ్ళు ఎవరూ ఉండరు. తెలుసనుకున్న మాట దగ్గరే మనం ఎక్కువ దెబ్బతింటాం. ఆ రోజు క్లాసులో నేను చేసేదే ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో కూర్చుని మీరూ చేసుకోవచ్చు.

ముందు నిఘంటువు మూసేయండి. బోర్డు మీద నేను రాసే ఐదు వాక్యాలివి:

హి వోర్ ఎ బ్లాక్ కోట్.
ద వాల్ నీడ్స్ అనదర్ కోట్.
ద నెలోర్ హాజ్ ఎ వైట్ కోట్.
ద సీడ్ కోట్ కమ్స్ ఆఫ్ ఆఫ్టర్ సోకింగ్.
కోట్ ద ఫిష్ విత్ మసాలా.

తెలుగులో చెప్పమంటాను. మొదటిది అందరూ చెబుతారు: నల్లకోటు వేసుకున్నాడు. మూడోదాని దగ్గర గది గొల్లుమంటుంది. "నెల్లూరుకు తెల్లకోటు ఉంది" అని ఎవరో ఒకరు అంటారు. ఈ నెలోర్ ఊరు కాదు, పశువు. మన ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ వెళ్ళి అక్కడ మా ఊరి పేరుతో స్థిరపడ్డాయి. ఆ జాతిని అక్కడ నెలోర్ అంటారు. దానికి నల్లటి చర్మం, దాని మీద తెల్లటి వెంట్రుకలు. ఆ వెంట్రుకలే కోటు. మనం అయితే "గిత్త ఒళ్ళు పాలలా ఉంది" అంటాం. దానికి కోటు తొడగం.

నాలుగోది వంటింటి విషయం. మినుములు నానబెడితే పొట్టు ఊడి వస్తుంది కదా, ఆ పొట్టే సీడ్ కోట్. బోటనీ పుస్తకంలో దాన్నే బీజకవచం అంటారు. ఇంగ్లీషువాడు గింజకు కోటు వేస్తే మనవాళ్ళు ఏకంగా కవచం తొడిగారు.

ఇప్పుడు ఐదు వాక్యాలకూ తెలుగు మాటలు పక్కపక్కన పెట్టి చూడండి. కోటు, పూత, ఒంటి మీది వెంట్రుకలు, పొట్టు, పట్టించడం. ఐదూ వేరే. ఇంగ్లీషులో ఉన్నది ఒక్క మాటే. ఈ ఐదింటినీ బట్టీ పట్టడం మొదలుపెడితే ఆరోది ఎదురైనప్పుడు మళ్ళీ తడబడతారు. బట్టీ వద్దు. ఒక్క ప్రశ్న వేసుకోండి: లోపల ఏముంది? మనిషి ఉంటే బట్ట. గోడ ఉంటే పూత. జంతువు ఉంటే బొచ్చు. గింజ ఉంటే పొట్టు. చేప ముక్క ఉంటే మసాలా. కోటు ఎప్పుడూ తనంతట తానుగా ఉండదు, దేనిమీదో ఉంటుంది. ఆ దేనినో పట్టుకుంటే తెలుగు మాట దానంతట అదే వస్తుంది. నాయన గోడను తడిమి చూశాకే ఎన్ని కోట్లో చెప్పాడు. మీరూ అంతే, ముందు గోడను చూడండి.

ఒంటి మీది కోటు

మన కష్టాలన్నీ ఇక్కడే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

మన దగ్గర కోటు అంటే పెళ్ళి రిసెప్షన్‌లో పెళ్ళికొడుకు వేసుకునేది. సూటులో పై భాగం. బ్రిటన్, అమెరికాల్లో దాన్ని జాకెట్ అనడమే ఎక్కువ. మన జాకెట్టు ఏమో ఆడవాళ్ళ రవిక. వాళ్ళు ఉత్త కోట్ అంటే చలికి అన్నిటి పైన వేసుకునే మందపాటిది, మోకాళ్ళ దాకా వచ్చేది.

ఈ తేడా నేను పుస్తకంలో నేర్చుకోలేదు. డిసెంబరులో షికాగోలో ఉన్న మేనకోడలి దగ్గరకు వెళ్తుంటే అది ఫోనులో పదే పదే చెప్పింది: "మామయ్యా, కోటు మర్చిపోవద్దు." నేను మర్చిపోలేదు. పెళ్ళినాటి కోటు పొట్ట దగ్గర వదులు చేయించి, ఇస్త్రీ చేయించి, మడత నలగకుండా పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకున్నాను. దిగాక దాన్నే తీసి తొడుక్కున్నాను. విమానాశ్రయం తలుపు దాటి బయటికి అడుగు పెట్టాం, మైనస్ 12 డిగ్రీలు. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "ఇదేంది మామయ్యా, పెళ్ళికొచ్చినట్టు వచ్చావ్" అంది. వాళ్ళాయన తన కోటు విప్పి నాకు ఇచ్చి తను వణుక్కుంటూ కారు తెచ్చాడు. ఇంగ్లీషు చెప్పే మాస్టారి పరిస్థితి అది.

రెండో పాఠం ఆ వారంలోనే అయింది. మేనకోడలి ఆఫీసు స్నేహితురాలి ఇంటికి భోజనానికి పోయాం. తలుపు తీస్తూనే ఇంటాయన "మే ఐ టేక్ యువర్ కోట్?" అన్నాడు. నేను గట్టిగా పట్టుకుని, "సారీ, ఇది మా అల్లుడిది" అన్నాను. అక్కడ అది మర్యాద. "విప్పి ఇవ్వండి, తగిలిస్తాను" అని అర్థం. మన ఇంటికి వచ్చినవాళ్ళకు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు ఇచ్చినట్టు. "థ్యాంక్యూ" అని విప్పి ఇచ్చేయాలి. వెళ్ళేటప్పుడు వాళ్ళే తెచ్చి ఇస్తారు. థియేటర్లలో, పెద్ద హోటళ్ళలో దీనికి విడిగా ఒక కౌంటరే ఉంటుంది. మన గుడి ముందు చెప్పుల స్టాండు లాగా టోకెన్ ఇస్తారు. దాన్ని కోట్ చెక్ అంటారు.

ఇక నర్సులకూ ఫార్మసీ పిల్లలకూ తప్పనిసరిగా చెప్పేది ఒకటి ఉంది. మన మెడికల్ కాలేజీల్లో తెల్లకోటును అందరూ ఏప్రాన్ అంటారు. "ఏప్రాన్ లేకుండా ల్యాబ్‌కు వచ్చావేం" అని తిట్లు తిన్న అలవాటు. అమెరికాలో ఏప్రాన్ అంటే వంటింట్లో నడుముకు కట్టుకునేది. అక్కడ ఆస్పత్రిలో "ఐ ఫర్గాట్ మై ఏప్రాన్" అంటే క్యాంటీన్ పని కోసం వచ్చారనుకుంటారు. వైట్ కోట్ అనండి, ల్యాబ్ కోట్ అనండి. మెడిసిన్‌లో చేరిన పిల్లలకు తెల్లకోటు తొడిగే వేడుక ఒకటి ఇప్పుడు మన కాలేజీల్లో కూడా చేస్తున్నారు కదా, అది ఇప్పటి రూపంలో న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో 1993లో మొదలైంది. ఆ తెల్లకోటు చూడగానే బీపీ పెరిగేవాళ్ళుంటారు. ఇంట్లో చూస్తే మామూలుగా ఉంటుంది, డాక్టరు దగ్గర చూస్తే ఎక్కువ చూపిస్తుంది. దాని పేరే వైట్ కోట్ హైపర్‌టెన్షన్. టెన్షన్ అనే మాటను మనం వాడే తీరుకు అచ్చంగా సరిపోయే జబ్బు.

నల్లకోటు గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. "వాడు నల్లకోటు వేసుకున్నాడు" అంటే ప్లీడరయ్యాడని మనకూ తెలుసు. రైల్లో అయితే టీసీ. నెల్లూరు మే నెల ఎండలో ఆ నల్లకోటుతో కోర్టుకు పోయేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. బార్ కౌన్సిల్ నియమం ప్రకారం వేసవిలో కింది కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదు. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో మాత్రం ఆ మినహాయింపు లేదు.

వేస్ట్‌కోట్ అని తెలుగులో రాస్తే పనికిరాని కోటులా కనిపిస్తుంది. అది చెత్త అనే వేస్ట్ కాదు, నడుము అనే వేస్ట్. నడుము దాకా వచ్చే చేతుల్లేని కోటు. అమెరికాలో దాన్నే వెస్ట్ అంటారు. పెట్టికోటు కథ ఇంకా తమాషా. పెటీ అంటే చిన్న. మొదట్లో అది మగవాళ్ళు లోపల తొడుక్కునే చిన్న కోటు. వందల ఏళ్ళు తిరిగి తిరిగి ఆడవాళ్ళ దగ్గరకు చేరి, మన దేశంలో చీర కింద లంగా అయింది. విదేశంలో బట్టల షాపుకు వెళ్ళి పెట్టికోట్ అని అడిగితే పాతకాలం మాటగా వింటారు. అండర్‌స్కర్ట్ అంటే తొందరగా పని జరుగుతుంది. ట్రెంచ్ కోట్ పేరు మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ అధికారులు కందకాల్లో వేసుకోవడం వల్ల వచ్చింది. రెయిన్‌కోటు, ఓవర్‌కోటు మీకు తెలిసినవే.

రెడ్‌కోట్స్ అని చరిత్ర పాఠాల్లో వస్తుంది. ఎర్ర కోట్లు వేసుకున్న బ్రిటిష్ సైనికులు. ఒక పాలిటెక్నిక్ కుర్రాడు దాన్ని "ఎర్రకోట" అని రాసి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధాన్ని ఢిల్లీకి తెచ్చాడు.

గోడ మీది కోటు

ఇది నాయన శాఖ.

రంగు విషయంలో కోటు లెక్కపెట్టే మాట. ఎ కోట్ ఆఫ్ పెయింట్, టూ కోట్స్ ఆఫ్ పెయింట్. చివర ఆ 'స్' మింగేయకండి. "టూ కోట్ పెయింట్" అనేది మేస్త్రీల ఇంగ్లీషు, కాగితం మీద రాయకూడదు. కోటు తర్వాత 'ఆఫ్' వస్తుంది, ఆ తర్వాత పూసినదాని పేరు వస్తుంది: ఎ కోట్ ఆఫ్ వార్నిష్, ఎ కోట్ ఆఫ్ ప్రైమర్. గోడ పేరు చెప్పాలంటే 'ఆన్' తగిలించాలి.

క్రియలు కూడా చూసుకోండి. ఒంటి మీది కోటు అయితే పుట్ ఆన్, టేక్ ఆఫ్. రంగు కోటు అయితే అప్లై అనేది బాగుంటుంది, పుట్ ఆన్ కూడా వాడతారు. కానీ గోడ రంగును టేక్ ఆఫ్ అనడం తక్కువ, గీకి తీస్తే స్ట్రిప్ అంటారు. "అప్లై యువర్ కోట్, ఇట్స్ కోల్డ్" అని నా విద్యార్థి ఒకడు రాశాడు. వాడి ఒంటికి రంగు పూసినట్టే అయింది.

పేర్లు వరస ప్రకారం వస్తాయి. అడుగున వేసేది అండర్‌కోట్, ఆఖరున పైన వేసేది టాప్ కోట్. గోళ్ళ రంగుకూ ఇంతే: ముందు బేస్ కోట్, చివర మెరుపు కోసం టాప్ కోట్. కారుకు రంగు మీద వేసే గాజులాంటి పొర క్లియర్ కోట్. మళ్ళీ ప్రశ్న గుర్తుచేసుకోండి, లోపల ఏముంది? అండర్‌కోట్ అనే మాట కుక్కల దగ్గర కూడా వస్తుంది. లాబ్రడార్‌కు, హస్కీకి రెండు వరసల బొచ్చు ఉంటుంది. చర్మానికి దగ్గరగా మెత్తగా ఉండేది అండర్‌కోట్. వాక్యంలో కుక్క ఉందా, తలుపు ఉందా చూసుకుంటే చాలు.

కోట్‌కూ కోటింగ్‌కూ తేడా ఉంది. బ్రష్ పట్టుకుని ఒక విడత వేస్తే అది కోట్. వేశాక దానిమీద ఉండిపోయే పొర కోటింగ్. నాన్‌స్టిక్ పెనం మీదున్నది కోటింగ్. "పెయింటర్ గేవ్ టూ కోటింగ్స్" అనకండి, కోట్స్ అనండి. ఇంకో కోటింగ్ ఉంది మన దగ్గర. "పోలీసులు వాడికి గట్టిగా కోటింగ్ ఇచ్చారు" అంటాం. ఆ పూత వేరు. "మై మేనేజర్ గేవ్ మీ కోటింగ్" అని ఆఫీసు మెయిల్‌లో మాత్రం రాయకండి.

పూత అన్నది ప్రతిదీ కోట్ కాదని కూడా గుర్తుంచుకోవాలి. మామిడి పూత ఉందిగా. జనవరిలో ఒకమ్మాయి "మ్యాంగో కోట్ ఈజ్ గుడ్ దిస్ ఇయర్" అని రాసుకొచ్చింది. తెలుగులో పూసేవి రెండు, చెట్టూ మనిషీ. చెట్టు పూస్తే బ్లాసమ్, మనిషి పూస్తే కోట్. బంగారు పూత నగను గోల్డ్ ప్లేటెడ్ అంటారు, గోల్డ్ కోట్ అని షాపులో అడగకండి. ఇత్తడి గిన్నెకు కళాయి వేయడాన్ని టిన్నింగ్ అంటారు.

పట్టించడం

కోట్‌ను క్రియగా వాడేటప్పుడు మనం చేసే తప్పు ఒకటే ఒకటి, కానీ అందరం చేస్తాం. తెలుగులో "చేపకు మసాలా పట్టించు" అంటాం. పట్టించేది మసాలాను, దేనికంటే చేపకు. ఆ వరసనే ఇంగ్లీషులోకి దింపితే "కోట్ ద మసాలా టు ద ఫిష్" అవుతుంది. తప్పు. ఇంగ్లీషులో కోట్ అయ్యేది చేప. కోట్ ద ఫిష్ విత్ మసాలా. చేప ముందు, మసాలా తర్వాత, మధ్యలో విత్. పిండిలోనో చాక్లెట్‌లోనో దొర్లించి ముంచితే ఇన్ కూడా వస్తుంది: కోటెడ్ ఇన్ చాక్లెట్.

దీనికి నేను చెప్పే చిట్కా మళ్ళీ అదే. లోపల ఉన్నదాన్ని ముందు చెప్పండి. లోపలిది చేప, కాబట్టి కోట్ పక్కనే చేప.

వంట పుస్తకాల్లో సాస్ చిక్కదనం గురించి "అంటిల్ ఇట్ కోట్స్ ద బ్యాక్ ఆఫ్ ఎ స్పూన్" అని వస్తుంది. గరిటె ముంచి తీస్తే వెనకవైపు పల్చటి పొరగా అంటుకుని ఉండాలి. వేలితో గీత గీస్తే గీత నిలవాలి. లేత పాకం, తీగ పాకం వేళ్ళ మధ్య చూసే మన వాళ్ళకు ఇది కొత్తగా నేర్పాల్సిన పనే లేదు.

దుమ్ముకూ ఇదే క్రియ. ద టేబుల్ వాజ్ కోటెడ్ విత్ డస్ట్. నాలుక మీద తెల్లగా పాచి కట్టి ఉంటే డాక్టర్లు కోటెడ్ టంగ్ అని రాస్తారు. మాత్రల మీద ఎంటెరిక్ కోటెడ్ అని ఉంటే మాత్రం జాగ్రత్త. పాంటప్రజోల్ లాంటి మాత్రలు కడుపులో కాకుండా పేగుల్లోకి వెళ్ళాక కరగాలని వాటికి ఆ పూత వేస్తారు. మింగలేకపోతున్నారని పెద్దవాళ్ళకు పొడి చేసి నీళ్ళలో కలిపి ఇస్తే ఆ పూత వేసిన ప్రయోజనం పోతుంది. ఇంగ్లీషు క్లాసులో ఈ మాట చెబితే ఒకావిడ నోటు పుస్తకం మూసి ఇంటికి ఫోన్ చేసింది.

సామెతల్లో కోటు

ఇక్కడ లోపల గోడా ఉండదు, గింజా ఉండదు. ఉండేది మనిషి స్వభావం. తెలుగు సామెతతో జత కట్టుకుంటే గుర్తుంటాయి, కానీ జత అచ్చంగా కుదరదు. ఎక్కడ కుదరదో తెలుసుకోవడంలోనే రుచి ఉంది.

టర్న్‌కోట్ అంటే పార్టీ ఫిరాయించినవాడు. కోటు తిప్పి తొడుక్కున్నవాడు. మనకు దీనికన్నా మంచి మాట ఉంది: కండువా మార్చాడు. వాళ్ళ కోటు, మన కండువా, రెండూ భుజం మీద ఉండేవే. తేడా ఏమిటంటే మన పేపర్లలో "కండువా మార్చారు" అన్నది దాదాపు వార్తే. టర్న్‌కోట్ మాత్రం తిట్టు, ద్రోహి అన్నంత బరువు ఉంటుంది. ఇంటర్వ్యూలో ఎవరి గురించైనా మామూలుగా చెప్పాలంటే డిఫెక్టర్ అనండి, లేదా "హి చేంజ్డ్ పార్టీస్" అని ఊరుకోండి.

రైడింగ్ ఆన్ సమ్‌వన్స్ కోట్‌టెయిల్స్ అంటే ఒకరి గాలిలో గెలిచిపోవడం. పాతకాలం కోట్లకు వెనక తోకలు వేలాడేవి, అవి పట్టుకుని పోవడమన్నమాట. 1848లో అమెరికా కాంగ్రెసులో అబ్రహాం లింకన్ ఈ తోకతోనే ఆడుకున్నాడు. మీ పార్టీ అధ్యక్ష పదవికి నిలబెట్టిన జనరల్ టేలర్ కోటు తోక కింద తలదాచుకుందని ఎదుటివాళ్ళు ఎద్దేవా చేస్తే, మీరు ఇన్నాళ్ళూ మీ పాత అధ్యక్షుడు జాక్సన్ కోటు తోక కింద బతకలేదా అని తిప్పికొట్టాడు. మన సామెతలోనూ తోక ఉంది. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు. కానీ ఆ తోక పట్టుకున్నవాడు మునుగుతాడు, ఈ తోక పట్టుకున్నవాడు గెలుస్తాడు. రెండింటినీ కలపకండి.

కట్ యువర్ కోట్ అకార్డింగ్ టు యువర్ క్లాత్ అనేది 16వ శతాబ్దం నుంచీ ఉన్న మాట. గుడ్డ ఉన్నంత వరకే కోటు కుట్టించుకో. దుప్పటి ఉన్నంత వరకే కాళ్ళు చాపుకోమని మనం అంటాం. ఇది మాత్రం చక్కగా కుదిరింది. ఇంటి లోను ఇచ్చేవాళ్ళ ముందు ఈ సామెత ఏ భాషలోనూ పనిచేయదు, అది వేరే సంగతి.

షుగర్‌కోట్ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. చేదు మాత్రకు చక్కెర పూసినట్టు చెడ్డ వార్తను తియ్యగా చెప్పడం. "డోంట్ షుగర్‌కోట్ ఇట్" అంటే ఉన్నదున్నట్టు చెప్పమని. దీన్ని చాలామంది "తేనె పూసిన కత్తి"తో కలుపుతారు. ఆ తేనె కింద కత్తి ఉంది, నరకాలనే ఉద్దేశం ఉంది. ఈ చక్కెర కింద మందే ఉంది. "మసిపూసి మారేడుకాయ చేయడం" కూడా ఇది కాదు, అది పూర్తిగా మోసం. ఒకే పూత, లోపల ఉన్నది కత్తా, మందా, మాయా అన్నదాన్ని బట్టి అర్థం మారిపోయింది. మళ్ళీ నా ప్రశ్న దగ్గరకే వచ్చాం, చూశారా.

జస్ట్ ఎ ఫ్రెష్ కోట్ ఆఫ్ పెయింట్ అంటే పైన పటారం, లోన లొటారం. ఇది వింటే మా నాయనకు కోపం వచ్చేది. రంగు అంత తేలికైన పని కాదనేవాడు.

కోట్ ఆఫ్ ఆర్మ్స్ గురించి రెండు మాటలు. అది చేతుల కోటు కాదు. ఆర్మ్స్ అంటే ఇక్కడ ఆయుధాలు. మధ్యయుగం యోధులు ఇనుప కవచం మీద ఒక బట్ట తొడుక్కుని దానిమీద తమ వంశ చిహ్నం వేయించుకునేవాళ్ళు. ముఖం కనపడదు కదా, చిహ్నమే గుర్తు. తెలుగులో రాజచిహ్నం అనుకోవచ్చు. 1950 జనవరి 26న మనం తీసుకున్న అశోకుడి సింహాల గుర్తును మాత్రం స్టేట్ ఎంబ్లమ్ అనాలి.

నోటితో పలకడం

అర్థం కుదిరాక నోరు కుదరాలి. మనం కోటు అంటాం, చివర ఉకారం ఉంటుంది. అది తీసేయండి, ట దగ్గర నాలుక ఆపేయండి. నడుమ ఉన్న ఓ మన ఓ లాగా నిలబడదు, చివర్లో ఉ వైపు జారుతుంది: కోఉట్. ముఖ్యమైనది మొదటి క. ఇంగ్లీషులో అది కాస్త గాలి వదిలి పలకాలి, దాదాపు ఖ. నోటి ముందు కాగితం పెట్టుకుని పలకండి, కాగితం కదలాలి. మన క గాలి లేకుండా వస్తుంది కాబట్టి వాళ్ళ చెవికి గ అయిపోతుంది. షికాగోలో ఆ భోజనం అయ్యాక కారు దాకా వచ్చి, "ఐ ఫర్గాట్ మై కోట్" అని వెనక్కి పోయాను. ఇంటాయన ఒక్క క్షణం పెరటివైపు చూశాడు. ఆయనకు గోట్ అని, అంటే మేక అని వినిపించిందట.

కోర్ట్‌తో చిక్కు మనకు తక్కువ, మనం ర గట్టిగానే పలుకుతాం. క్వోట్ దగ్గర మాత్రం 'క్వ' మింగేస్తాం. పెయింటింగ్ పనికి కొటేషన్ అడగబోయి "గివ్ మీ ఎ కోట్" అంటే రంగు ఒక కోటు వేసి పోయినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇంటి పని

రేపు పొద్దున లేచినప్పటి నుంచి మీ ఇంట్లో కోట్ ఉన్న ప్రతిచోటా ఆగి, చిన్న వాక్యం ఒకటి చెప్పుకోండి. గోడ, పెనం, మాత్ర, గోరు, కుక్క, నానబెట్టిన మినుములు, కిటికీ మీది దుమ్ము, పిల్లాడి రెయిన్‌కోటు. నామవాచకమా క్రియా చూసుకోండి. ఆఫ్ రావాలా విత్ రావాలా చూసుకోండి. అనుమానం వస్తే లోపల ఏముందో అడగండి. రాయడం తర్వాత, ముందు నోటితో.

పోయిన బ్యాచ్‌లో ఒక గృహిణి ఇరవై ఏడు వాక్యాలు తెచ్చింది. అన్నిటికన్నా చివర ఇలా ఉంది: "మై మదర్ ఇన్ లాస్ వర్డ్స్ ఆర్ నాట్ కోటెడ్ విత్ ఎనీథింగ్." విత్ సరిగ్గా పెట్టింది. పదికి పది వేశాను. పుస్తకం ఇంట్లో కనపడేలా పెట్టొద్దని మాత్రం చెప్పాను.